ఖాళీ రోజుల ఖరీదు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది ఒడిశాలోని గజపతి జిల్లాలో కాశీనగర్ దగ్గర, వంశధార ఒడ్డున ఒక పల్లె. మా ఆయన సూరత్‌లో మగ్గం పనిలో ఉన్నారు. పశువులను మామగారూ నేనూ చూసుకుంటున్నాం. నాలుగు ఆవులు, ఒక పెయ్య, ఒక గేదె ఉన్నాయి. పాల కేంద్రంలో లీటరుకు 38 రూపాయలు వస్తున్నాయి. ఆవుల్లో ‘నల్లది’ హెచ్.ఎఫ్. (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకరం. మూడో ఈతలో 12 లీటర్ల దాకా ఇచ్చింది, ఈని పది నెలలైంది, ఇప్పుడు 5 లీటర్లు ఇస్తోంది. నాలుగుసార్లు చూడి సూది (కృత్రిమ గర్భధారణ) వేయించినా నిలవలేదు, సరిగ్గా 21, 22 రోజులకు మళ్ళీ ఎదకు వచ్చి పొర్లుతోంది. సూది వేసే ఆయన ఫోన్ చేసిన మర్నాడు మధ్యాహ్నానికి గాని రారు. 22,000కు అమ్మేసి, 60,000 పెట్టి సంతలో వేరే ఆవును కొందామని మామగారు అంటున్నారు. ‘గౌరి’ జెర్సీ సంకరం, 10 లీటర్లు ఇస్తోంది. నాగులచవితి నాడు, ఈనిన 55వ రోజున, ఎదకు వచ్చింది గాని, అప్పుడే చూడి కడితే పాలు తగ్గుతాయని అత్తగారు వద్దన్నారు. మిగతా రెండు ఆవులు చూడితో ఉన్నాయి. పెయ్యకు 20 నెలలు. మీరు ఇదివరకు చెప్పినట్టు టేపుతో కొలిస్తే ఛాతీ చుట్టుకొలత 56, పొడవు 48 అంగుళాలు వచ్చింది. శ్రావణంలో ఈనిన గేదె ఇంకా ఎదకు రాలేదు. పర్లాకిమిడిలో ఉండే మా మరిది ఇకనుంచి అన్నింటికీ ఆడదూడలే పుట్టే హెచ్.ఎఫ్. పెయ్యల సూదే వేయించమంటున్నాడు. మామూలు సూదికి 200, దానికి 600 అవుతుంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఇంట్లో ముగ్గురూ మూడు రకాలుగా చెప్పారు గాని, ఎవరి మాటలోనూ రోజుల లెక్క లేదు. సూది ఖరీదు 200, ఆవు ఖరీదు 60,000 అని అందరికీ తెలుసు. చూడి లేకుండా గడిచిన ఒక్క రోజు ఖరీదు ఎంత అన్నది మాత్రం ఎవరూ అడగరు. మీరు అడిగిన వాటన్నింటికీ ఆ అంకె ఉంటే తప్ప జవాబు దొరకదు కనుక, మీరు రాసిన ధరలతోనే ముందు దానిని తేల్చుకుందాం.

గౌరి వంటి ఆవు ఒక ఈతలో 2,400 లీటర్లు ఇస్తుందనీ, 13 నెలలకు ఒకసారి ఈనుతుందనీ అనుకోండి. అంటే నెలకు సగటున 185 లీటర్లు. అదే ఆవు ఆలస్యంగా చూడి కట్టి 18 నెలలకు ఈనితే, పాలు పిండే కాలం కొంత పెరుగుతుంది కనుక 2,800 లీటర్లు ఇస్తుందనే అనుకుందాం. చూడడానికి 400 లీటర్లు ఎక్కువ వచ్చినట్టే ఉంటుంది గాని, నెల సగటు 156 లీటర్లకు పడిపోతుంది. ఆ 18 నెలల్లో సకాలంలో ఈనే ఆవు దగ్గర 3,320 లీటర్ల దాకా రావాలి, వచ్చింది 2,800. తగ్గిన 520 లీటర్లకు 38 చొప్పున 19,760 రూపాయలు. పాలు తగ్గితే దాణా కూడా కొంత మిగులుతుంది. రెండున్నర లీటర్లకు కిలో దాణా లెక్కన 208 కిలోలు, కిలో 28 అనుకుంటే 5,800 తీసివేయండి. నికరంగా పోయింది సుమారు 14,000. ఆలస్యమైన అయిదు నెలలకు, అంటే 150 రోజులకు పంచితే రోజుకు 93 రూపాయలు. ఒక్క ఎదను వదిలేస్తే 21 రోజులు పోతాయి, అంటే 1,950 రూపాయలు. పుట్టవలసిన దూడల సంగతి ఇందులో కలపలేదు. అయిదున్నర ఏళ్ళలో అయిదు ఈతలు రావలసిన చోట మూడున్నరతో ఆగిపోవడం కూడా నష్టమే.

ఇంత తేడా రావడానికి కారణం మీరు రోజూ చెంబులో చూస్తున్నదే. ఆవు ఈనిన మొదటి మూడు నాలుగు నెలల్లోనే నిండుగా పాలిస్తుంది, తరువాత నెలనెలా జారుతుంది. ఆలస్యంగా చూడి కట్టే ఆవు తన జీవితంలో ఎక్కువ భాగం ఆ జారుడులోనే గడుపుతుంది. నల్లది ఇప్పుడు ఉన్నది అక్కడే.

ఈ అంకెను దగ్గర పెట్టుకుని ముందుగా గౌరి సంగతి చూద్దాం, ఎందుకంటే తొందర పడవలసింది దాని విషయంలోనే. అత్తగారి మాటలో అనుభవం లేకపోలేదు. చూడి ఆవు పాలు తగ్గిస్తుందన్నది నిజమే. కాని ఆ తగ్గుదల కంటికి కనిపించేది చూడి అయిదో నెల దాటాకే. అప్పటికి ఈనిన ఎనిమిదో నెల వస్తుంది, పాలు ఎలాగూ సగానికి వచ్చి ఉంటాయి. ఈనిన తరువాత గర్భసంచి సర్దుకోవడానికి రెండు నెలలు ఆగాలన్నది సరైన నియమమే కనుక, 55వ రోజు ఎదను వదిలినందుకు మిమ్మల్ని తప్పుపట్టను. ఆ తరువాత వచ్చే ఎదలను వదలడానికి మాత్రం ఏ కారణమూ లేదు. 13 నెలలకు మళ్ళీ ఈనాలంటే, ఆవు చూడి కాలం 280 రోజులు తీసివేయగా, ఈనిన 115 రోజుల లోపల చూడి కట్టి తీరాలి. ఆ గడువులో మీకు మిగిలేది రెండు ఎదలు, మహా అయితే మూడు.

ఇతరులకు చెప్పినంత సులువుగా నేను పాటించానని అనుకోకండి. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో పాతపట్నంలో మా ఇంట్లోనూ ఒక ఆవు ఉండేది. ఒకసారి అది ఎదకు వచ్చినప్పుడు నేను బరంపురంలో పెళ్ళిలో ఉన్నాను. మరోసారి ఊళ్ళో గాలికుంటు టీకాల పనిలో పడి రాత్రికి గాని ఇంటికి రాలేదు. మూడోసారి సూది వేసి, మళ్ళీ పొర్లలేదు కనుక చూడే అనుకుని చేయి పెట్టి చూడకుండా ఊరుకున్నాను. అయిదో నెలలో చూస్తే గర్భసంచి ఖాళీగా ఉంది. పశువుల డాక్టరు ఇంటి ఆవు పొదుగు ఎండిపోయి పది నెలలు కూర్చుని తిన్నదని వీధి వీధంతా నవ్వుకుంది. అప్పటినుంచి నేను ఎవరికైనా చెప్పే మాట ఒకటే. పొర్లకపోవడం చూడికి గుర్తు కాదు. సూది వేసిన రెండున్నర, మూడు నెలలకు తప్పక చూడి పరీక్ష చేయించాలి.

ఇక నల్లది. 21, 22 రోజులకు క్రమం తప్పకుండా పొర్లుతోందంటే అండాశయాలు పనిచేస్తున్నాయన్నమాట. ఎద తిరిగి రావడం 35, 40 రోజులు పట్టి ఉంటే నడుమ ఒక ఎదను మీరు గమనించలేదనో, కట్టిన పిండం పోయిందనో అనుమానించవలసి వచ్చేది. మీ ఉత్తరంలో నాకు ముందుగా అనుమానం కలిగించింది ఆవు మీద కాదు, ‘ఫోన్ చేసిన మర్నాడు మధ్యాహ్నం’ అన్న మాట మీద. ఆవు ఎద 12 నుంచి 18 గంటలు ఉంటుంది. ఎద ముగిసిన 10, 12 గంటలకు అండం విడుదలవుతుంది, విడుదలైన అండం బతికి ఉండేది కొద్ది గంటలే. ఉదయం ఎద కనిపిస్తే అదే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు ఉదయం సూది పడాలన్న నియమం అందువల్ల వచ్చింది. ఉదయం ఆరింటికి ఎద చూసి ఫోన్ చేస్తే, మర్నాడు రెండింటికి సూది పడేసరికి 32 గంటలు గడుస్తున్నాయి. అంతసేపటికి వేసిన సూది ఎంత గొప్ప ఎద్దుదైనా నిలవడం అదృష్టం మీద ఆధారపడుతుంది. నాలుగుసార్లు 200 చొప్పున మీరు పెట్టింది 800. ఆ నాలుగు ఎదల్లో పోయిన రోజుల ఖరీదు ఏడు వేలకు పైన.

కనుక ఈసారి ఎద కనిపించిన పూటే కబురు చేయండి. ఆయన రాలేకపోతే కాశీనగర్‌లోనో పర్లాకిమిడిలోనో పశువైద్యశాలకు ఆవును తోలుకెళ్ళే ఏర్పాటు చేసుకోండి. బండి కిరాయి 500 అయినా ఒక ఎద ఖరీదు కంటే తక్కువే. ఎదను కనిపెట్టడానికి తెల్లవారుజామున ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి, పది నిమిషాల చొప్పున దీపం పట్టుకుని నిలబడితే చాలు. పక్క ఆవు మీదికి ఎక్కినప్పుడు కదలకుండా నిలబడడం అసలైన గుర్తు. అరుపు, మేత తగ్గడం, పాలు తగ్గడం దానికి తోడు వచ్చేవి. తోక కింద వేలాడే తీగలను అరచేతిలోకి తీసుకుని వెలుతురులో చూడండి. గుడ్డు తెల్లసొనలా తేటగా, అద్దంలా ఉంటే మంచిది. అందులో తెల్లని నలకలు గాని పెరుగు విరిగినట్టుగా గాని ఉంటే గర్భసంచిలో చీము ఉన్నట్టు. అప్పుడు ఆ ఎదకు సూది వేయించడం డబ్బు పారబోసుకోవడమే. ముందు డాక్టరుకు చూపించి మందు వేయించి, తరువాతి ఎదకు వేయించాలి. ఎద అయిన రెండో రోజు తోకకు నెత్తురు చారలు అంటుకుంటే సూది విఫలమైందని కొందరు కంగారు పడతారు. దానికీ చూడి నిలవడానికీ సంబంధం లేదు. ఎద తప్పిపోయిన ఆవులో ఆ చార కనిపిస్తే మాత్రం అది పనికొచ్చే సమాచారం, అక్కడినుంచి 18, 19 రోజులు లెక్కపెట్టి కాచుకోవచ్చు.

అమ్మాలా, ఉంచాలా అన్నదానికి ఇప్పుడు వద్దాం. ఆ ఆవు మేపుకు రోజుకు 150 అవుతుందనుకుంటే, నాలుగు లీటర్ల దాకా అది తన తిండి తాను సంపాదించుకుంటోంది. ఇప్పుడు 5 లీటర్లు ఇస్తోంది కనుక ఇంకో రెండు ఎదలు, అంటే 42 రోజులు, చూసినందువల్ల చేతినుంచి పడేది దాదాపు ఏమీ ఉండదు. ఆ లోపల చూడి కడితే, పాలు ఎండిపోయాక ఈనేదాకా 200 రోజులు వట్టి మేపు మేపవలసి వస్తుంది, రోజుకు 110 చొప్పున 22,000. మామగారి దారిలో వెళితే చేతినుంచి పడేది 38,000, రవాణా, దళారీ ఖర్చులు వేరే. అయితే కొన్న ఆవు వెంటనే పాలిస్తుంది కనుక ఆ పది నెలల్లో మేపు పోగా ఇరవై వేల పైచిలుకు తిరిగి రావచ్చు. నిజాయితీగా చెప్పాలంటే, కాగితం మీద రెండు దారులూ పెద్ద తేడా లేకుండానే తేలుతున్నాయి. తేడా కాగితానికి బయట ఉంది. సంతలో అమ్మేవాడు రెండు పూటల పాలు పిండకుండా ఆపి పొదుగు నిండుగా చూపిస్తాడు. పొదుగువాపు వచ్చి ఎండిన చన్ను ఆ నిండులో కనిపించదు. నెలలు నిండకుండానే దూడను ఈసుకుపోయే రోగం, బ్రూసెల్లా, ఉన్న ఆవును శాలలోకి తెచ్చుకుంటే మిగతా చూడి ఆవులకు కూడా అంటుకోవచ్చు, పచ్చిపాల ద్వారా మనుషులకు కూడా వస్తుంది. మీ నల్లది గుణదోషాలు మీకు తెలుసు.

అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. నల్లదాని స్థానంలో నిలబడవలసిన పశువు సంతలో లేదు, మీ ఇంట్లోనే ఉంది. పెయ్య కొలతలు రాసి మంచి పని చేశారు. ఛాతీ చుట్టుకొలతను దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 660తో భాగిస్తే కిలోల్లో బరువు వస్తుంది. 56ను 56తో గుణిస్తే 3,136, దానిని 48తో గుణించి భాగిస్తే 228 కిలోలు. జెర్సీ సంకరం ఆవు పెరిగితే 350 కిలోలు అనుకుంటే 65 శాతం దాటింది, సూదికి సిద్ధంగా ఉంది. ఇంకా ఆరు నెలలు పెరగనిద్దాం అనుకుంటే రోజుకు 55 రూపాయల మేపు లెక్కన పది వేలు ఊరికే ఖర్చవుతాయి. వచ్చే ఎదకు వేయిస్తే ఏడాది తిరిగేసరికి అది తొలిచూలు ఈనుతుంది. అందువల్ల నల్లదానికి రెండు ఎదల గడువు ఇవ్వండి. అప్పటికీ నిలవకపోతే, పాలు నాలుగు లీటర్లకు దిగిన వారంలో అమ్మేయండి, అమ్మిన డబ్బుతో మరో ఆవును మాత్రం కొనకండి. దాని గుంజకు కొన్నాళ్ళలో పెయ్య వస్తుంది. ఈలోగా ఆ 22,000 చూడి ఆవుల దాణాకూ, కోతల సమయంలో చవకగా దొరికే ఎండుగడ్డికీ పెట్టుకోవచ్చు.

మీ మరిది చెప్పిన పెయ్యల సూది గురించి కొంత వివరంగా రాయవలసి ఉంది. లింగ నిర్ధారిత వీర్యం మోసమేమీ కాదు, నూటికి 90 వరకు ఆడదూడలే పుడతాయి. అయితే వేరుచేసే ప్రక్రియలో వీర్యకణాలు దెబ్బతింటాయి, వీర్యం నింపే సన్నని గొట్టంలో, అంటే స్ట్రాలో, వాటి సంఖ్య కూడా తక్కువ, కనుక మామూలు సూదికంటే తక్కువగా నిలుస్తుంది. లెక్క కోసం మామూలుది నూటికి 40, ఇది నూటికి 30 నిలుస్తాయని అనుకుందాం. ఒక చూడికి మామూలువి రెండున్నర సూదులు పడితే ఇవి మూడుకు పైన పడతాయి. సూదుల ఖర్చు 500 నుంచి 2,000కు పెరుగుతుంది, ఆలస్యమయ్యే 17 రోజుల ఖరీదు 1,600 అదనం. ఒక్కో చూడికి 3,100 ఎక్కువ. పది చూళ్ళకు 31,000 పెడితే మీకు అదనంగా వచ్చేవి నాలుగు పెయ్యలు, ఒక్కోటి పుట్టేసరికే 7,750 పడినట్టు. దానిని రెండున్నర ఏళ్ళు మేపడానికి ఇంకో 40,000 పైన అవుతుంది. కొనబోయే ఆవు ధర 60,000 అయినప్పుడు ఇందులో నష్టం లేదు గాని, మీ మరిది ఊహిస్తున్నంత లాభమూ లేదు. పైగా ఒక్కో ఆవును అయిదు ఈతలు ఉంచుకునే నాలుగు ఆవుల శాలకు ఏడాదికి ఒక పెయ్య కూడా అవసరం ఉండదు. మామూలు సూదులతో పుట్టే దూడల్లో సగం పెయ్యలైనా ఆ అవసరం తీరిపోతుంది. నాగలి స్థానంలో పవర్ టిల్లరు వచ్చిన తరువాత కోడెదూడ భారమైపోయిందన్నది నిజమే, ఆ బాధ నాకు తెలియనిది కాదు. అయినా పొర్లుతున్న నల్లదానికి 600 సూది వేయించడం మాత్రం నేను ఒప్పుకోను.

వేయించదగినది మీ శాలలో పెయ్యకే. ఈ వీర్యం బాగా నిలిచేది పెయ్యల్లోనే. చూడి ఆలస్యమైనా అక్కడ పోయేది రోజుకు 55 రూపాయల మేపే గాని 93 కాదు. ఆడదూడ కొంచెం చిన్నగా ఉంటుంది కనుక తొలిచూలు ఈత కూడా సులువవుతుంది. అయితే జెర్సీదే వేయించండి. జెర్సీ సంకరం పెయ్యకు మొదటి ఈతలోనే హెచ్.ఎఫ్. వేయిస్తే దూడ పెద్దదై ఈతలో ఇరుక్కుపోయే ప్రమాదం ఉంది, తల్లినీ దూడనూ కూడా పోగొట్టుకున్న ఇళ్ళు నేను చూశాను. ఆవులకైనా హెచ్.ఎఫ్. రక్తం సగానికి మించి పెంచడం మన వైశాఖపు ఎండకు, వరిగడ్డి మేపుకు సరిపడదు. ఎండకు రొప్పే ఆవు మేయదు, మేయని ఆవు ఎదకు రాదు. మీ కేంద్రంలో వెన్న శాతం చూసి ధర కడుతున్నట్లయితే జెర్సీ పాలకే ఆ తేడా కలిసివస్తుంది.

గేదెకు ఇదే అదను. గేదెలు చలికాలంలో బాగా ఎదకు వస్తాయి, ఎండాకాలంలో వచ్చినా మూగగా వస్తాయి. ఆవులా అరవదు, ఎక్కదు, చాలాసార్లు రాత్రిపూటే వచ్చి వెళ్ళిపోతుంది. మాఘం దాటేలోగా ఎద కనిపించకపోతే డాక్టరుకు చూపించండి. రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం దానికీ, నల్లదానికీ ఇప్పటినుంచే మొదలుపెట్టండి.

మరొక చిన్న పని. సూది వేశాక ఖాళీ స్ట్రాను ఆయన పారేయబోతే అడిగి తీసుకోండి. గడ్డిపోచంత గొట్టం మీద ఎద్దు నంబరు, జాతి అచ్చు వేసి ఉంటాయి. సూది వివరాలు రాసే కార్డు ఒడియాలో ఉన్నా, దానిలో రాయడం ఆయన మరిచిపోయినా, ఆ గొట్టాన్ని ఆవు చెవిపోగు నంబరుతో కలిపి కాగితంలో చుట్టి తారీఖు వేసి దాచుకుంటే చాలు. పెయ్య తల్లికి రెండున్నరేళ్ళ కింద ఏ ఎద్దు సూది వేశారో తెలిస్తే, తండ్రి వీర్యాన్నే కూతురికి వేయించే పొరపాటు జరగదు. ఆ కార్డు మీ దగ్గర ఉంటే ఇప్పుడే వెతికి పెట్టుకోండి, పెయ్యకు సూది వేయించేముందు ఆ నంబరు ఆయనకు చూపించండి.

గౌరి నాగులచవితి తరువాతి ఎద, ఈ జవాబు మీకు అందేసరికి, వెళ్ళిపోయి ఉంటుంది. అప్పుడు సూది వేయించి ఉంటే సంతోషం. వేయించకపోయినా, వేయించాక పొర్లినా, చవితికి 42 రోజులు కలిపితే మార్గశిర పౌర్ణమి వెళ్ళిన ఒకటి రెండు రోజులకు వస్తుంది. పౌర్ణమికి ముందు రోజు నుంచే రెండు పూటలా చూడడం మొదలుపెట్టండి. ఆ వారం మిమ్మల్ని కలవగలరో లేదో సూది వేసే ఆయనను ముందే అడిగి ఉంచండి.